హాస్కెల్, ఓకామెల్ కోడ్ ఎక్కడ తికమక పెడుతుంది? సమస్య - పరిష్కారం

తిరుపతిలో బీటెక్ పిల్లలు పైథాన్ నుంచి హాస్కెల్, ఓకామెల్ లాంటి ఫంక్షనల్ ప్రోగ్రామింగ్ భాషలకి (ఫంక్షన్లని కలుపుతూ ప్రోగ్రామ్ రాసేవి) వచ్చినప్పుడు లాజిక్ బాగానే రాస్తారు. చిక్కు గుర్తులతోనే: మనం ఒకచోట బ్రాకెట్ ఉందనుకుంటాం, కంపైలర్ ఇంకోచోట ఉందనుకుంటుంది. టెన్షన్ అంతా అక్కడే.

సమస్య: హాస్కెల్‌లో ఫంక్షన్‌కి -5 ఇస్తే "నో ఇన్‌స్టెన్స్ ఫర్ నమ్" అని పొడుగాటి ఎర్రర్.

కారణం: మైనస్ కనబడగానే కంపైలర్ దాన్ని తీసివేత అనుకుంటుంది, ఫంక్షన్‌లోంచి 5 తీసెయ్యాలని చూస్తుంది.

పరిష్కారం: (-5) అని రాయండి. 'స్క్వేర్ 3 + 1' కి 16 బదులు 10 వచ్చేదీ ఇలాంటి కారణంతోనే: ఏ ఆపరేటర్ కన్నా ముందు ఫంక్షనే తన పక్కనున్న విలువని తీసుకుంటుంది. 'స్క్వేర్ (3 + 1)' అనండి, లేదా 'స్క్వేర్ $ 3 + 1' ($ తర్వాతదంతా బ్రాకెట్‌లో ఉన్నట్టే). ఒకే లైన్లో నాలుగైదు $ గుర్తులు మాత్రం వద్దు, చదివేవాళ్లకి నరకం.

సమస్య: కోడ్ కుడి నుంచి ఎడమకి చదవాల్సి వస్తోంది. తిరుపతి బస్సుల లిస్టులో చిత్తూరు వెళ్లేవి ఏరి, టైమ్ ప్రకారం సర్ది, మొదటి మూడు తీయాలి. డాట్‌తో కలిపి రాస్తే 'మొదటి మూడు' ముందూ, 'ఏరడం' చివరా కనిపిస్తాయి.

కారణం: డాట్ లెక్కల పుస్తకంలోని పద్ధతి, కుడి చివర ఉన్నది ముందు నడుస్తుంది.

పరిష్కారం: ఓకామెల్, ఎఫ్ షార్ప్, ఎలిక్సిర్‌లలో |> వాడండి. హాస్కెల్‌లో డేటా.ఫంక్షన్ మాడ్యూల్‌లోని & అదే పని చేస్తుంది. ఏరి, సర్ది, తీసి అని మనం మాట్లాడే వరసలోనే కోడ్ నడుస్తుంది. నాకు ఈ భాషల్లో అన్నిటికన్నా నచ్చిన గుర్తు ఇదే. ఒక్క జాగ్రత్త: ఎలిక్సిర్‌లో విలువ మొదటి ఆర్గ్యుమెంట్‌గా వెళ్తుంది, ఓకామెల్, ఎఫ్ షార్ప్‌లలో చివరిదిగా.

సమస్య: ఓకామెల్‌లో మ్యాచ్ (విలువని బట్టి కేసు ఎంచుకునేది) లోపల ఇంకో మ్యాచ్ రాస్తే, బయటి కేసు ఎప్పటికీ వాడుకలోకి రాదని వార్నింగ్, లేదా టైప్ ఎర్రర్.

కారణం: మ్యాచ్‌కి ముగింపు గుర్తు లేదు. తర్వాత వచ్చే కేసులన్నీ లోపలి మ్యాచ్‌కే చేరతాయి. మీరు ఎంత చక్కగా ఇండెంట్ చేసినా ఓకామెల్ దాన్ని పట్టించుకోదు.

పరిష్కారం: లోపలి మ్యాచ్ చుట్టూ బ్రాకెట్లు లేదా బిగిన్, ఎండ్ పెట్టండి. దాన్ని వేరే ఫంక్షన్‌గా తీసి పేరు పెడితే ఇంకా మంచిది. హాస్కెల్ దీనికి పూర్తిగా తిరగేసి: అక్కడ ఇండెంటే ముఖ్యం, ట్యాబ్ స్టాపులని 8 కాలమ్‌లకి ఒకటిగా లెక్కేస్తుంది. ఎడిటర్‌లో ట్యాబ్‌కి బదులు స్పేస్‌లు పడేలా మార్చుకోండి.

సమస్య: ఓకామెల్‌లో [1, 2, 3] పొడవు 1 అని వస్తోంది.

కారణం, పరిష్కారం: కామా టపుల్‌ని (కొన్ని విలువలు కలిపిన ఒకే విలువని) చేస్తుంది, అందుకే లిస్టులో ఒక్కటే ఉంటుంది. [1; 2; 3] అని రాయండి.