మీ క్లాసు మీరే వినండి: ప్రైమరీ ఇంగ్లిష్ టీచర్లకు ఆరు వారాల పని

19 ఏళ్లుగా ప్రైమరీ పిల్లలకు ఇంగ్లిష్ చెప్తున్నాను. మొదటి పదేళ్లూ ట్రైనింగుల మీదే ఆశ పెట్టుకున్నాను. పిలిచిన ప్రతిదానికీ వెళ్లాను, శ్రద్ధగా నోట్సు రాసుకున్నాను. మర్నాడు క్లాసులో నిలబడితే మాత్రం నోట్లోంచి పాత మాటలే వచ్చేవి. విన్నదానికీ చేసేదానికీ మధ్య ఒక మెట్టు తక్కువైందని తెలిసేది కానీ, అదేమిటో తెలిసేది కాదు. ఫోన్‌లో నా క్లాసు నేనే రికార్డు చేసుకుని విన్న రోజున అది దొరికింది. అప్పటి నుంచి నేను చేస్తున్న పద్ధతినే ఇక్కడ రాస్తున్నాను. ఆరు వారాలు పడుతుంది. వారానికి గంటలోపు సమయం చాలు.

మొదట పది నిమిషాలు వినండి

ఫోన్‌ను ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టి, వాయిస్ రికార్డర్ ఆన్ చేసి, పిల్లల మధ్యలో ఒక బెంచీ మీద పెట్టండి. మీ టేబుల్ మీద పెడితే మీ గొంతే వినిపిస్తుంది, మనకు కావలసింది వాళ్ల గొంతు. వీడియో వద్దు. వీడియోలో మన బట్టలూ చేతులూ చూసుకుంటూ కూర్చుంటాం, మాట మీద ధ్యాస ఉండదు. హెడ్‌మాస్టర్‌కు ముందే చెప్పండి. పిల్లలకూ చెప్పండి, ‘నేను ఎలా చెప్తున్నానో నేనే విని నేర్చుకుంటాను’ అని. ఆ ఫైలు ఎవరికీ పంపకండి, పని అయ్యాక డిలీట్ చేసేయండి. మొదటి రెండు రోజులు పిల్లల కళ్లన్నీ ఫోన్ మీదే ఉంటాయి, కాబట్టి మూడో రోజుది వినండి.

40 నిమిషాల పీరియడ్‌లో నడిమి పది నిమిషాలు చాలు. కాగితం మీద నాలుగు గళ్లు గీసుకోండి. నేను అడిగిన ప్రశ్నలు ఎన్ని? వాటిలో నేనే జవాబు చెప్పేసినవి ఎన్ని? విడిగా వినిపించిన పిల్లల గొంతులు ఎన్ని? ఒక పిల్ల గుక్క తిప్పుకోకుండా అన్న మాటల్లో అన్నిటికన్నా పొడవైనది ఎంత? వింటూ గీతలు పెట్టుకుంటూ పోండి. సొంత గొంతు వినడం మొదట్లో ఎవరికైనా ఇబ్బందే. లెక్కపెట్టే పని చేతిలో ఉంటే ఆ ఇబ్బంది తగ్గుతుంది. బాగుందా లేదా అన్న తీర్పు ఈ వారం వద్దు.

నా మొదటి లెక్క ఇది: 31 ప్రశ్నలు. వాటిలో 12కి నేనే జవాబు చెప్పేశాను. మిగతావాటిలో ఎక్కువ భాగం కోరస్. విడిగా వినిపించిన గొంతులు నాలుగు. పొడవైన జవాబులో రెండు పదాలు. ఆ ముందు రోజు ఎవరైనా అడిగి ఉంటే, మా క్లాసులో పిల్లలు బాగా మాట్లాడతారని నమ్మకంగా చెప్పేదాన్ని.

ఆగడం నేర్చుకోవాలి

లెక్క చూశాక ఒక్క విషయం ఎంచుకోండి. ఒక్కటే. నేను ఆగడం ఎంచుకున్నాను, కొత్తగా మొదలుపెట్టే ఎవరికైనా అదే చెప్తాను.

మేరీ బడ్ రో అనే అమెరికన్ పరిశోధకురాలు 1970ల్లో ఎలిమెంటరీ స్కూళ్ల సైన్స్ క్లాసుల రికార్డింగులు విని చూశారు. ప్రశ్న అడిగాక టీచర్లు ఆగుతున్నది సగటున ఒక్క సెకను. దాన్ని మూడు సెకన్లకు పెంచితే జవాబులు పొడవయ్యాయి, అంతకుముందు నోరు విప్పని పిల్లలు కూడా మాట్లాడారు. అది సొంత భాషలో చదువుకునే పిల్లల సంగతి. మన పిల్లలు ముందు ప్రశ్న అర్థం చేసుకోవాలి, తర్వాత ఇంగ్లిష్ మాట వెతుక్కోవాలి, దాన్ని నాలుక మీదకు తెచ్చుకోవాలి, పక్కవాడు నవ్వుతాడేమోనన్న టెన్షన్ కూడా దాటాలి. ఇదంతా ఒక సెకనులో ఎలా అవుతుంది?

రికార్డింగులో ఒకచోట బొమ్మ చూపించి ‘వాట్ ఈజ్ ద డాగ్ డూయింగ్?’ అని అడిగాను. వెనక బెంచీ నుంచి ఒక అమ్మాయి సన్నగా ‘డాగ్... స్లీప్...’ అంది. నేను వెంటనే ‘స్లీపింగ్! వెరీ గుడ్!’ అనేశాను. రెండుసార్లు విన్నప్పుడు నాకేమీ అనిపించలేదు. మూడోసారి హెడ్‌ఫోన్స్ పెట్టుకుని విన్నాను. ‘స్లీప్’ తర్వాత ఆ పిల్ల ఊపిరి తీసుకున్న చప్పుడు వినిపించింది. ఇంకా ఏదో చెప్పబోయింది. నా మెచ్చుకోలు ఆ మాటను మింగేసింది.

తర్వాతి వారం అలాంటి బొమ్మతోనే మళ్లీ అడిగి, వెనక్కి పెట్టుకున్న చేతి వేళ్ల కణుపుల మీద మూడు లెక్కపెట్టాను. ‘డాగ్ స్లీప్’ అంది. మళ్లీ మూడు లెక్కపెట్టాను. ‘అండర్ టేబుల్’ అంది. గ్రామర్ సరిగా లేదు, కానీ చెప్పాలనుకున్నది మొత్తం చెప్పింది.

మీరూ వేళ్ల మీద లెక్కపెట్టండి. మనసులో లెక్కపెడితే కంగారులో మూడు అంకెలూ ఒక్క సెకనులో అయిపోతాయి. ఆ మూడు సెకన్లూ క్లాసంతా నిశ్శబ్దంగా ఉంటుంది. ఏదో ఒకటి అనెయ్యాలని మనకు నోరు దురద పెడుతుంది. రెండు వారాలు ఓర్చుకుంటే అలవాటైపోతుంది. ముందే చేతులెత్తే నలుగురికీ ‘చేతులు వద్దు, అందరూ ఆలోచించండి, పేరు నేను పిలుస్తాను’ అని చెప్పండి. లేకపోతే ఆ మూడు సెకన్లూ వాళ్లవే అవుతాయి.

తప్పు దిద్దే సంగతి కూడా ఇక్కడే చెప్తాను, ఎందుకంటే రెండింటికీ మూలం ఒకటే, తొందర. పిల్ల ‘డాగ్ స్లీప్’ అంటే మనం ‘ద డాగ్ ఈజ్ స్లీపింగ్’ అని సరిచేసి అప్పగిస్తాం. రాయ్ లిస్టర్, లైలా రాంటా 1997లో కెనడాలోని ప్రైమరీ ఫ్రెంచ్ ఇమర్షన్ క్లాసుల (పాఠాలు ఫ్రెంచ్‌లోనే చెప్తూ ఆ భాష నేర్పే క్లాసుల) మీద ఒక పరిశోధన ప్రచురించారు. టీచర్లు దిద్దిన సందర్భాల్లో సగానికి పైగా ఇలా సరిచేసి అప్పగించడమే. విన్న పిల్లలు స్పందించింది మాత్రం అన్ని పద్ధతుల్లోకీ దీనికే తక్కువ. పిల్లలకు అది మెచ్చుకోలులా వినిపిస్తుందని నాకనిపిస్తుంది, తప్పు దిద్దినట్టు తెలియదు. అందుకే ఆ రోజు పాఠంలో ఉన్న ఒక్క అంశం దగ్గర మాత్రం ‘ద డాగ్ ఈజ్...?’ అని సగంలో ఆపి, పిల్లనే పూర్తి చేయనిస్తాను. మిగతా తప్పుల జోలికి వెళ్లను.

మన ఇంగ్లిష్ సంగతి

‘నా ఇంగ్లిష్ బాగుండదు, నేనేం చెప్తాను’ అని బాధపడే టీచర్లను చాలామందిని చూశాను. ఆ బాధ నాకూ ఉండేది. కౌన్సిల్ ఆఫ్ యూరప్ 2001లో ప్రచురించిన కొలమానంలో భాషకు ఏ1 నుంచి సీ2 దాకా ఆరు మెట్లున్నాయి. మన పిల్లలు ఉండేది ఎక్కువగా మొదటి మెట్టు మీద, లేదంటే దానికింకా ఇవతల. వాళ్లకు మన నుంచి పెద్ద పెద్ద మాటలు అక్కర్లేదు. చిన్న మాటలు తడబడకుండా, ప్రతిరోజూ ఒకేలా వినిపించాలి.

క్లాసులో మీరు తెలుగులో ఇచ్చే ఆదేశాలు రికార్డింగులోంచి రాసుకోండి. అలాంటివి 40 దాకా తేలతాయి. వాటిని చిన్న ఇంగ్లిష్ వాక్యాలుగా మార్చుకుని వారానికి అయిదు చొప్పున వాడండి. ‘నౌ ఐ వాంట్ యూ ఆల్ టు ఓపెన్ యువర్ బుక్స్ అండ్ లుక్ ఎట్ ద పిక్చర్ అండ్ టెల్ యువర్ పార్ట్‌నర్...’ అంటే వాక్యం పూర్తయ్యేలోపు మొదలు మర్చిపోతారు. ‘ఓపెన్ యువర్ బుక్స్’ అనండి, ఆగండి, చేత్తో చూపించండి. అందరూ తెరిచాక ‘లుక్ ఎట్ ద డాగ్’. అంతే. ‘డూ యూ అండర్‌స్టాండ్?’ అని అడగడం నేను మానేశాను, దానికి క్లాసంతా ‘ఎస్ టీచర్’ అనే అంటుంది. ‘ఆర్ యూ రైటింగ్ ఆర్ డ్రాయింగ్?’ అంటే ఎవరికి అర్థమైందో అప్పటికప్పుడే తెలిసిపోతుంది.

ఇక ఉచ్చారణ. ఇంగ్లిష్‌లో అక్షరాలు 26, శబ్దాలు సుమారు 44. ‘సీ, ఏ, టీ’ అని అక్షరాల పేర్లు ఎంత వేగంగా చదివినా ‘క్యాట్’ రాదు, శబ్దాలు కలిపితేనే వస్తుంది. శబ్దాలతో చదవడం నేర్పే చాలా ఫోనిక్స్ పద్ధతులు ఎస్, ఏ, టీ, పీ, ఐ, ఎన్ అనే ఆరు అక్షరాలతో మొదలుపెడతాయి. ఆ ఆరింటితోనే స్యాట్, పిన్, ట్యాప్, టిన్ లాంటి మాటలు బోలెడు తయారవుతాయి. ఇక్కడ తెలుగువాళ్లం జాగ్రత్త పడాల్సినది ఒకటుంది. మన హల్లుల్లో ‘అ’ కలిసే ఉంటుంది. అందుకని ‘పిన్’ను విడదీసి చెప్పమంటే మన నోట ‘ప, ఇ, న’ అని వస్తుంది. వాటిని కలపమంటే పిల్లలు పాపం ‘పఇన’ అంటారు. దీనికి మందు మన లిపిలోనే ఉంది, పొల్లు. మీ పుస్తకంలో ‘ప్, ఇ, న్’ అని రాసుకుని, ‘అ’ తోక లేకుండా ఆ శబ్దాలు పలకడం ఇంట్లో సాధన చేయండి. నాకు పది రోజులు పట్టింది.

లిపి మనల్ని ఆదుకోని చోటూ ఒకటుంది. తడి అనే ‘వెట్’, పశువుల డాక్టర్ అనే ‘వెట్’ ఇంగ్లిష్‌లో వేర్వేరు శబ్దాలు, మనం రెండింటికీ ‘వ’ అనే రాస్తాం. డాక్టర్ మాటకు పై పళ్లు కింది పెదవికి తగలాలి. తడి మాటకు పళ్లు తగలకుండా పెదాలు గుండ్రంగా రావాలి. అద్దం ముందు చూసుకుంటే అయిదు నిమిషాల పని. ఊనిక, అంటే మాటలో ఏ భాగాన్ని ఒత్తి పలకాలన్నది, దీనికన్నా కష్టం. ‘టుమారో’ను మనం మూడు భాగాలూ సమానంగా పలుకుతాం, ఇంగ్లిష్‌లో బరువంతా నడిమి ‘మా’ మీద పడి, ముందున్న ‘టు’ దాదాపు నలిగిపోతుంది. వచ్చే వారం పాఠంలోని పది మాటలను ఆడియో ఉన్న డిక్షనరీలో విని, బరువు పడే భాగం కింద గీత పెట్టుకోండి. అన్ని మాటలూ ఒకేసారి సరిచేసుకోవాలని చూడకండి, ఆ వారం మాటలు చాలు.

ఒక తోడు కావాలి

నాలుగో వారంలో ఒకరిని క్లాసుకు పిలవండి. ఇంగ్లిష్ టీచరే కానక్కర్లేదు. నేను మా లెక్కల టీచర్‌ను పిలిచాను. 15 నిమిషాలు కూర్చోమన్నాను, ఒకే ప్రశ్న ఇచ్చాను: ‘వెనక బెంచీలో ముగ్గురు పిల్లలు ఏం చేస్తున్నారో రాయండి. నన్ను చూడకండి.’ జపాన్‌లో టీచర్లు దశాబ్దాలుగా చేస్తున్న ‘లెసన్ స్టడీ’ నుంచి తీసుకున్నాను ఇది. అక్కడ కొందరు కలిసి ఒక పాఠం తయారు చేస్తారు, ఒకరు చెప్తారు, మిగతావాళ్లు పిల్లలను గమనించి తర్వాత కూర్చుని చర్చిస్తారు.

ఆవిడ ఇచ్చిన కాగితం ఇంకా నా దగ్గరుంది. అందులో ఒక అబ్బాయి గురించి రెండు వాక్యాలున్నాయి. ‘15 నిమిషాల్లో ఒక్క మాట అనలేదు. కోరస్‌లో పెదాలు కదిలాయి, శబ్దం రాలేదు.’ బోర్డు దగ్గరి నుంచి నాకు ఆ పెదాలు ఎన్ని నెలలుగా మాట్లాడుతున్నట్టే కనిపించాయో.

మౌనంగా ఉన్న పిల్లలంతా వెనకబడినవాళ్లు కారు. మాట్లాడే ముందు కొన్నాళ్లు వింటూ ఉండిపోవడం భాష నేర్చుకునే పిల్లల్లో మామూలే. తేల్చుకోవాల్సింది ఒకటే: వింటున్నాడా, దాక్కుంటున్నాడా? దానికి అమెరికన్ సైకాలజిస్ట్ జేమ్స్ ఆషర్ పద్ధతి పనికొచ్చింది. టీచర్ ఇంగ్లిష్‌లో చెప్తుంది, పిల్లలు ఒంటితో చేసి చూపిస్తారు, మాట్లాడక్కర్లేదు. ‘పుట్ యువర్ పెన్సిల్ అండర్ యువర్ బుక్’ అన్నాను. ఆ అబ్బాయి పక్కవాళ్ల వైపు చూడకుండానే పెట్టాడు. ‘ఆన్ యువర్ హెడ్’ అంటే నవ్వి తల మీద పెట్టుకున్నాడు. అర్థమవుతోంది, నలుగురిలో నోరు తెరవడానికే భయం. అక్కడి నుంచి కోరస్ తగ్గించి, ప్రశ్నకు ముందు పక్కవాళ్లతో అర నిమిషం చెప్పుకోమనడం మొదలుపెట్టాను.

క్లాసు చూడ్డానికి వచ్చినవాళ్లు ‘బాగుంది’ అనకూడదని ముందే ఒప్పందం చేసుకోండి. విన్నదీ చూసిందీ చదివి వినిపించాలి, అంతే. తర్వాత మీరు వాళ్ల క్లాసుకు వెళ్లండి.

ట్రైనింగులకు వెళ్లినప్పుడు

ట్రైనింగులు వద్దని నేననను. టీచర్ల ట్రైనింగుల మీద పరిశోధన చేసిన బ్రూస్ జాయిస్, బెవర్లీ షవర్స్ 1980ల నాటికే తేల్చి చెప్పిన సంగతి ఉంది: సిద్ధాంతం చెప్పి, చేసి చూపించి, సాధన చేయించినా, తర్వాత స్కూల్లో తోడుండి సరిదిద్దేవాళ్లు లేకపోతే కొత్త పద్ధతి క్లాసుదాకా చేరడం అరుదు. ఆ తోడును మీ స్టాఫ్‌రూమ్‌లోనే చూసుకోండి. ట్రైనింగ్ హాల్లోంచి బయటికి వచ్చే ముందు ఒక్క పని ఎంచుకుని, ఏ రోజు ఏ పీరియడ్‌లో చేస్తారో రాసుకోండి. మూడుసార్లు చేశాకే అది పనికొస్తుందో లేదో తేల్చండి. మొదటిసారి ఎవరికైనా గందరగోళమే.

రోజుకు అర పేజీ రాయండి. తేదీ, క్లాసు, కొత్తగా చేసింది, పిల్లలు అన్న మాట అన్నట్టుగానే, రేపు మార్చేది. ‘పిల్లలు బాగా స్పందించారు’ లాంటి వాక్యాలు నెల తర్వాత చదివితే దేనికీ పనికిరావు. ‘డాగ్ స్లీప్ అండర్ టేబుల్’ మాత్రం పనికొస్తుంది.

ఆరో వారం మళ్లీ రికార్డు చేసి, అవే నాలుగు గళ్లు నింపండి. నా రెండో లెక్క: ప్రశ్నలు 14, నేనే చెప్పేసిన జవాబులు రెండు, విడి గొంతులు 11, పొడవైన జవాబులో ఆరు పదాలు. ఏడో నిమిషం దగ్గర ‘నో, ఇట్ ఈజ్ మై పెన్సిల్’ అని ఒక గొంతు వినిపించింది. ఎవరిదో పోల్చుకోలేక లెక్కల టీచర్‌కు వినిపించాను. ఆవిడ వెంటనే గుర్తుపట్టారు, ఆ వెనక బెంచీ అబ్బాయిదే. పక్కవాడితో పోట్లాట. నేను అడిగిన ప్రశ్నకు జవాబు కాదు, పాఠంలో వాక్యమూ కాదు.

ఆ రాత్రే తర్వాతి ఆరు వారాలకు కొత్త గడి గీశాను: పిల్లలు తమంతట తాము నన్నో, పక్కవాళ్లనో ఇంగ్లిష్‌లో అడిగిన ప్రశ్నలు. ఆ పది నిమిషాల్లో అవి సున్నా.