ఒక్కరే తిరగడానికి మోటర్‌హోమ్ కొంటున్నారా? అడ్వాన్సు ఇచ్చే ముందు ఈ జాగ్రత్తలు

షోరూంలో మోటర్‌హోమ్ (మంచం, వంటగట్టు, టాయిలెట్ అన్నీ ఉన్న ఇల్లులాంటి బండి) ఎక్కగానే అందరి కళ్లూ వంటగట్టు మీదికీ పరుపు మీదికీ పోతాయి. నేను తలుపు దగ్గరే ఆగిపోతాను. మెట్టు ఎంత ఎత్తుంది? పక్కన పట్టుకోవడానికి గట్టి కడ్డీ ఉందా? ఒక చేతిలో నీళ్ల డబ్బా ఉంటే ఆ మెట్టు ఎక్కగలనా? రోజుకు ఇరవైసార్లు ఎక్కి దిగే మెట్టు అది.

రిటైరయ్యాక నెలల తరబడి ఒంటరిగా తిరగాలనుకునేవాళ్లు బండిని ఇలాగే చూడాలని నా లెక్క. జంటగా వెళ్లేవాళ్లకు రెండో మనిషి ఉంటారు. రివర్స్ చేస్తుంటే వెనక నిలబడి చెయ్యి ఊపడానికి, సిలిండర్ ఓ పక్క పట్టడానికి, దారిలో ఒళ్లు బాగోలేకపోతే స్టీరింగ్ అందుకోవడానికి. మనకు వాళ్లు లేరు. పైగా ఈ బండి మనతో పదేళ్లు ఉంటుంది, మోకాళ్లు ఇప్పుడున్నట్టే అప్పుడూ ఉండవు.

మంచం, సైజు

డ్రైవర్ సీటు పైన అటక మంచం ఉన్న బండిని నేను ఒకసారి పది రోజులకు అద్దెకు తీసుకున్నాను. మొదటి రాత్రి సరదాగానే ఉంది. రెండో రాత్రి రెండింటికి బాత్రూంకి లేచి, నిద్రమత్తులో నిచ్చెన చివరి మెట్టు అందక జారాను. మడమ బెణికింది, అంతే. కానీ నేలమీద కూర్చుని ఆలోచించుకున్నాను. అదే తుంటి ఎముకైతే, ఫోను పైన మంచం మీదే ఉండిపోయింది. ఆ రాత్రి నుంచి నాకు ఒకటే నియమం: మంచం మోకాలి ఎత్తులో ఉండాలి, రాత్రి దిగితే రెండు పాదాలూ నేలకు ఆనాలి. రోజూ బల్ల మడిచి పరుపు పరిచే ఏర్పాటు కూడా వద్దు. మొదటి వారం పరుస్తారు, జ్వరం వచ్చిన రోజు పరచలేరు.

ఒక్కరికి పెద్ద బండి దండగే కాదు, ప్రమాదం కూడా. యూరప్‌లో ఎక్కువగా కనిపించే ఫియట్ డుకాటో లాంటి వ్యాన్‌ను ఇల్లుగా మార్చుకుంటే పొడవు సుమారు 6 మీటర్లు, వెడల్పు అద్దాలు కాకుండా 2.05 మీటర్లు. అదే చాసిస్ (అడుగు చట్రం) మీద విడిగా గది కట్టిన బండి 2.3 మీటర్ల దాకా వెడల్పు పోతుంది. పావు మీటరు తేడా అంటే కాగితం మీద ఏమీ కాదు. ఎదురుగా లారీ వచ్చే ఇరుకు వంతెన మీద తెలుస్తుంది. అమెరికాలో క్లాస్ ఎ అనే బస్సంత బండ్లు 40 అడుగులు దాటేవి కూడా ఉన్నాయి. అంత బండిని ఒంటరిగా వెనక్కి తిప్పే పని నేను ఎవరికీ చెప్పను.

పొడవు కంటే మోసం చేసేది వెనక చక్రాల తర్వాత వేలాడే భాగం. స్టీరింగ్ ఎడమకు తిప్పితే ఆ తోక కుడివైపు విసురుతుంది. మన కళ్లు ముందున్న మలుపు మీద ఉంటాయి, వెనక స్తంభానికి గీత పడిపోతుంది. కాబట్టి వెనక చక్రం నుంచి బంపర్ దాకా అడుగులతో కొలవండి, రెండు బండ్లుంటే అది తక్కువున్నదే తీసుకోండి. రివర్స్ కెమెరా తప్పనిసరి, అయితే పైన వాలిన చెట్టుకొమ్మను అది చూపించదు. దిగి, వెనక్కి నడిచి, పైకీ కిందికీ చూసి మళ్లీ ఎక్కాలి. అనుమానం వస్తే ఇంకోసారి దిగాలి. వెనక ఎవరైనా విసుక్కుంటే విసుక్కోనివ్వండి. బండి ఎత్తును మీటర్లలోనూ అడుగుల్లోనూ కాగితం మీద రాసి స్టీరింగ్ ఎదురుగా అంటించండి. వంతెన కనబడ్డాక గుర్తు తెచ్చుకునే టైం ఉండదు.

ఇంకొకటి, ఒంటరివాళ్లకే ముఖ్యమైనది. పడుకునే చోటు నుంచి బయటికి దిగకుండా నేరుగా డ్రైవర్ సీటులోకి వెళ్లగలగాలి. రాత్రి ఎవరో తలుపు తడితే, ఆ చోటు నచ్చకపోతే, తాళం తిప్పి వెళ్లిపోవడమే మంచి రక్షణ. మధ్యలో గోడ ఉన్న బండిని నేను చూడను కూడా చూడను.

బరువు: చాలామంది అడగని ప్రశ్న

యూరప్‌లో చాలా మోటర్‌హోమ్‌లు 3,500 కిలోల మొత్తం బరువుకు (బండి, మనుషులు, సామాను అన్నీ కలిపి) రిజిస్టర్ అయి ఉంటాయి, మామూలు కారు లైసెన్సుకు ఎప్పటి నుంచో ఉన్న గీత అదే కాబట్టి. బ్రిటన్‌లో 1997కి ముందు కారు లైసెన్సు పొందినవాళ్లు అంతకంటే బరువైనవీ నడపొచ్చు గానీ, ఆ హక్కు 70 ఏళ్లకు ముగుస్తుంది. డాక్టర్ రిపోర్టు పెట్టి పొడిగించుకోవాలి. 66వ ఏట బరువైన బండి కొంటే నాలుగేళ్ల తర్వాత ఏమవుతుందో ముందే ఆలోచించాలి. మీరు తిరిగే దేశంలో మీ లైసెన్సు ఎన్ని కిలోల దాకా, ఏ వయసు దాకా చెల్లుతుందో కొనకముందే రాతపూర్వకంగా తెలుసుకోండి.

ఇక సామానుకు మిగిలే బరువు. బ్రోచర్‌లో 350 కిలోలు అని ఉందనుకుందాం. ట్యాంకులో 100 లీటర్ల నీళ్లు పడితే 100 కిలోలు పోయాయి. పక్కన పరదా పందిరి బిగిస్తే పాతిక, ముప్ఫై. ఇంకో సీసం బ్యాటరీ పెడితే మరో పాతిక. ఎలక్ట్రిక్ సైకిలు పాతిక. నిండు సిలిండర్లు రెండు. బట్టలు, మందులు, పప్పూ ఉప్పూ ఇంకా ఎక్కనే లేదు. వెనక డిక్కీలో వేసిన బరువు మరీ చెడ్డది. అది వెనక చక్రాలను నొక్కి, తూగుడుబల్లలా ముందు చక్రాలను తేలికచేస్తుంది. స్టీరింగ్ మీదా బ్రేకుల మీదా పట్టు తగ్గుతుంది. కాబట్టి సామానంతా ఎక్కించి, నీళ్లూ డీజిలూ నింపి, లారీల కాటా మీదికి తీసుకెళ్లండి. మొత్తం ఒకసారి, ముందు చక్రాలు విడిగా, వెనకవి విడిగా తూయించండి. బండికి బిగించిన పలక మీద ఈ మూడింటికీ గరిష్ఠ పరిమితులు ఉంటాయి, పోల్చుకోండి.

పాత బండి అయితే

పైన పటారం, లోన లొటారం. పాత మోటర్‌హోమ్‌లను చంపేది ఇంజన్ కాదు, చెమ్మ. పైకప్పు అతుకుల్లోంచి, కిటికీ అంచుల్లోంచి నీరు దిగి, గోడలోపలి చెక్కను ఏళ్ల తరబడి నానబెడుతుంది. బయట రంగు తళతళలాడుతూనే ఉంటుంది. వానపడిన మర్నాడు చూడటానికి వెళ్లండి. ఎక్కగానే సువాసన స్ప్రే గుప్పుమంటే తలుపులన్నీ మూయించి పావుగంట లోపలే కూర్చోండి, అసలు వాసన తేలుతుంది. కిటికీల కింద, పైమూలల్లో, అలమారాల లోపల బొటనవేలితో నొక్కండి. మెత్తగా లోపలికి పోతే ఆ చెక్క పుచ్చింది. చెమ్మ కొలిచే మీటరు పెడితే 15 శాతం లోపు నిశ్చింత, 20 దాటితే అనుమానించాలి, 30 అంటే చెయ్యి దులుపుకుని వచ్చేయాలి.

టైర్లలో గాడి బాగుందని మురిసిపోకండి. ఈ బండ్లు నడిచేది తక్కువ, నిలబడేది ఎక్కువ. గాడి అరగకముందే రబ్బరు ముసలిదవుతుంది. టైరు పక్కన DOT అని మొదలయ్యే కోడ్‌లో చివరి నాలుగంకెలు చూడండి. 2319 అంటే 2019లో 23వ వారంలో తయారైందని. ఐదారేళ్లు దాటితే మార్చడానికయ్యే ఖర్చును బేరంలో తగ్గించమనండి. చాలా బండ్లలో స్పేరు టైరే ఉండదు, పంక్చరు పూడ్చే జిగురు డబ్బా ఇస్తారు. ఉన్నా అంత బరువు చక్రాన్ని మనం ఒంటరిగా విప్పలేం, విప్పకూడదు. రోడ్డు మీద సాయం చేసే పాలసీ తీసుకోండి. అందులో బండి బరువుకూ పొడవుకూ పరిమితి పెట్టారేమో చిన్న అక్షరాల్లో చూడండి. బీమాలో కూడా, ఏడాదిలో ఎక్కువ భాగం బండిలోనే ఉంటానని దాచకుండా చెప్పండి. దాస్తే క్లెయిము రోజున తేలుతుంది.

గ్యాసు, కరెంటు, మందులు

వంట గ్యాసు గాలి కంటే బరువు. కారితే నేలమీదే పరుచుకుంటుంది. అందుకే బండి నేలలో కావాలనే కంతలు పెడతారు. చలికి ఓర్వలేక వాటిలో గుడ్డలు కుక్కేవాళ్లను చూశాను. ఎప్పుడూ అలా చెయ్యకండి, స్టవ్వు వెలిగించి గది వేడి చేసుకోకండి. మూసిన గదిలో మంట మండితే పుట్టే కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువుకు వాసన లేదు, తలనొప్పితో మొదలై నిద్రలోనే తీసుకుపోతుంది. పక్కన లేపేవాళ్లు లేనప్పుడు అలారమే మన తోడు. గ్యాసు అలారం నేలకు దగ్గరగా, కార్బన్ మోనాక్సైడ్ అలారం తయారీదారు చెప్పిన ఎత్తులో పెట్టండి. నెలకోసారి బటన్ నొక్కి మోగించండి.

ఇన్సులిన్ వాడేవాళ్లు ఫ్రిజ్‌ను మరీ జాగ్రత్తగా ఎంచుకోవాలి. తెరవని ఇన్సులిన్ 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి, గడ్డకట్టిందా పారేయడమే. గ్యాసుతోనూ కరెంటుతోనూ నడిచే పాతరకం ఫ్రిజ్ బండి ఒకవైపు వాలితే సరిగా చల్లబడదు. కంప్రెసర్ ఫ్రిజ్‌కు ఆ బెడద తక్కువ, కానీ బ్యాటరీ తింటుంది. 12 వోల్టుల 100 ఆంపియర్-అవర్ బ్యాటరీలో ఉండేది సుమారు 1,200 వాట్-అవర్లు. సీసం బ్యాటరీ అయితే పాడవకుండా అందులో సగమే వాడుకోవాలి. లిథియం ఐరన్ ఫాస్ఫేట్ అయితే చాలావరకు వాడుకోవచ్చు. రాత్రి శ్వాస యంత్రం పెట్టుకునేవాళ్లు దాని వాట్లను ఎనిమిది గంటలతో హెచ్చవేసి, ఫ్రిజ్ లెక్క కలిపి, రెండు రోజులు ఎండ రాకపోయినా సరిపోతుందా అని చూసుకోవాలి. సున్నా డిగ్రీల కంటే చల్లబడిన లిథియం బ్యాటరీని ఛార్జ్ చేస్తే చెడుతుంది. చలి ప్రాంతాలకు వెళ్లేవాళ్లు తనంతట తాను వేడెక్కే రకం అడగండి.

గంటసేపు ఒంటరిగా

కొనే ముందు కనీసం రెండు వారాలు ఆ రకం బండి అద్దెకు తీసుకోండి. అది కూడా వానలోనో చలిలోనో. అంతదాకా ఇల్లు అమ్మకండి. ఆ తర్వాత నచ్చిన బండి దగ్గరికి వెళ్లి, అమ్మేవాళ్లను పక్కన నిలబడి మాట్లాడొద్దని చెప్పి, అన్ని పనులూ మీరే చేసి చూడండి. కరెంటు కేబుల్ తీసి తగిలించండి, నీళ్లు పట్టండి, సిలిండర్ విప్పి బిగించండి, ఇరుకు సందులోకి రివర్స్ చేయండి. టాయిలెట్ కింద మలమూత్రాలు చేరే పెట్టె కూడా లాగండి. అందులో పద్దెనిమిది, ఇరవై లీటర్లు పడతాయి, నిండితే దాదాపు ఇరవై కిలోలు. ఒంగి, నేల మట్టం నుంచి లాగి, మోసుకెళ్లి, ఒలకకుండా వంచాలి. నీళ్లు నింపి ప్రయత్నించండి. నడుం మొరాయిస్తే సగం నిండగానే ఖాళీ చేసే అలవాటు పెట్టుకోవాలి, లేదా చక్రాలున్న పెట్టె ఉన్న బండి వెతకాలి. “అదంతా నేను చేసిపెడతానండీ, మీరు కూర్చోండి” అంటారు అమ్మేవాళ్లు. కూర్చోవద్దు.

తాళాలు తీసుకునేటప్పుడు రెండో సెట్టు అడిగి పుచ్చుకోండి. అది బండిలోపల కాదు, ఒంటిమీద ఉండాలి. అర్ధరాత్రి చెత్త పారేయడానికి దిగి, వెనక తలుపు పడి, లోపల ఫోను, బయట మీరు మిగిలితే తెరవడానికి ఇంకెవరూ లేరు.