పక్షవాతం తరువాత చేతికి ఇంటివద్ద సాధన

పక్షవాతం వచ్చిన మనిషిని లేవదీసేటప్పుడు పడిపోయిన చేతిని పట్టుకుని ఎన్నడూ లాగకూడదు. కండరాల పట్టు తప్పిన భుజం కీలు జారి, నెలల తరబడి నొప్పి బాధించవచ్చు. కోనసీమ లంక గ్రామాల నుండి రేవు దాటి రోజూ అమలాపురం వెళ్లడం చాలా కుటుంబాలకు కష్టం కనుక, ఫిజియోథెరపిస్టు చూసి నేర్పిన సాధనను ఇంట్లోనే కొనసాగించాలి.

రోగిని పాదాలు నేలకు ఆనేలా కుర్చీలో నిటారుగా కూర్చోబెట్టి, ముందున్న బల్లపై తువ్వాలు పరచి, దానిపై ఆ చేతిని ఉంచి, నడుము వంగకుండా మోచేతిని చాచుతూ తువ్వాలును ముందుకు నెట్టి, తిరిగి వెనక్కు తెచ్చుకోమనాలి. రెండో చేతి సాయం తీసుకోవచ్చు, కానీ ప్రయత్నం రోగిదే కావాలి, ఎందుకంటే మెదడు కొత్త దారులు ఏర్పరచుకోవడానికి ఆ ప్రయత్నం పదేపదే జరగడమే ముఖ్యం.

వేళ్లలో కదలిక వచ్చాక ఖాళీ స్టీలు గ్లాసును పట్టి వదలడం, ఆపైన చింతగింజలను ఏరి గిన్నెలో వేయడం చేయించాలి. పట్టుకోవడం కంటే వదలడమే చాలామందికి కష్టం; దయచేసి ఇంటివారు తొందరపడి ఆ వేళ్లను తామే విప్పకూడదు.

స్పర్శ తగ్గిన చేతికి వేడి కాపడం పెడితే కాలినా తెలియదు. నొప్పి పెరిగితే సాధన ఆపాలి. మూతి వంకర, మాట తడబాటు, కొత్త బలహీనత కనిపిస్తే వెంటనే 108కి ఫోను చేయాలి.