ఫిట్స్ వచ్చినప్పుడు ఏం చేయాలి? ఎప్పుడు అది ఎమర్జెన్సీ?

మా చిన్నాన్న కొడుక్కి ఒక పెళ్లిలో, భోజనాల దగ్గర ఫిట్స్ వచ్చాయి. ఒకాయన పరుగున వచ్చి చేతిలో తాళాల గుత్తి పెట్టాడు. ఇంకొకాయన పళ్ల మధ్య స్పూన్ దూర్చబోతే పిన్ని ఏడుస్తూ అడ్డుపడింది. అరగంట పాటు కొట్టుకున్నాడనే అందరం అనుకున్నాం. తర్వాత పెళ్లి వీడియోలో చూస్తే అంతా కలిపి నిమిషం నలభై సెకన్లు! అందుకే ఎవరికైనా నేను మొదట చెప్పేది ఇదే.

1. టైమ్ చూడండి
ఫిట్స్ మొదలవగానే గడియారమో ఫోనో చూసి టైమ్ గుర్తు పెట్టుకోండి. ఇకపై చేసేదంతా ఈ లెక్క మీదే ఆధారపడుతుంది.

2. పక్కకు తిప్పి పడుకోబెట్టండి
నోట్లోని నురగ, వాంతి బయటికి పోతాయి, ఊపిరి ఆడుతుంది. తల కింద మడతపెట్టిన తువ్వాలు పెట్టండి. మెడ దగ్గర గుండీలు విప్పండి. కాళ్లూ చేతులూ అదిమి పట్టుకోవద్దు. నోట్లో ఏమీ పెట్టొద్దు, నీళ్లు కూడా పోయొద్దు. తాళాలు, ఉల్లిపాయ, చెప్పు వాసన... వీటితో ఫిట్స్ ఆగవు. చాలాసార్లు రెండు మూడు నిమిషాల్లో వాటంతట అవే ఆగుతాయి కాబట్టి తాళాలకు పేరొచ్చింది, అంతే.

3. ఐదు నిమిషాలు దాటితే ఎమర్జెన్సీ
ఒకప్పుడు అరగంట దాటితేనే ప్రమాదకరమైన స్థితి అనేవారు. 2015లో అంతర్జాతీయ మూర్ఛ నిపుణుల సంఘం ఐఎల్ఏఈ దీనికి రెండు గడువులు పెట్టింది. ఒళ్లంతా కొట్టుకునే ఫిట్స్ 5 నిమిషాలు దాటితే వాటంతట అవి ఆగే అవకాశం తక్కువ, వెంటనే మందు పడాలి. 30 నిమిషాలు దాటితే మెదడుకు శాశ్వత నష్టం జరగొచ్చు. ఒళ్లు కొట్టుకోకుండా, స్పృహ తప్పినట్టు శూన్యంగా చూస్తూ ఉండే రకానికి మొదటి గడువు 10 నిమిషాలు.

ఇంట్లో డాక్టర్ ముందే రాసిచ్చిన మిడజోలమ్ (ఫిట్స్ ఆపే మందు) ముక్కు స్ప్రే ఉంటే ఐదో నిమిషానికి, లేదా డాక్టర్ చెప్పిన సమయానికి కొట్టండి. మనిషి పక్కకు తిరిగి ఉన్నా కొట్టొచ్చు. ఎన్ని పఫ్‌లన్నది బరువును బట్టి ఉంటుంది. ఒక్కో కంపెనీ స్ప్రేలో పఫ్‌కు వచ్చే మందు ఒక్కోలా ఉంటుంది కాబట్టి షాపులో వేరే బ్రాండ్ ఇస్తే పఫ్‌ల లెక్క మళ్లీ అడగండి. మందు పడ్డాక మత్తుగా ఉంటారు, ఊపిరి ఎలా ఆడుతోందో కనిపెడుతూ ఉండండి. డాక్టర్ చెప్పకుండా రెండో డోసు వద్దు.

ఐదు నిమిషాలైతే 108కి ఫోన్ చేయాలి. ఆస్పత్రి దూరమైన ఊళ్లలో మూడో నిమిషానికే చేయమంటాను నేను. ఆగిపోతే ఆగిపోయాయని చెప్పొచ్చు.

4. ఐదు నిమిషాలు ఆగకూడని సందర్భాలు
జీవితంలో మొదటిసారి ఫిట్స్ వచ్చినా, గర్భిణికి వచ్చినా, నీళ్లలో ఉండగా వచ్చినా, తలకు దెబ్బ తగిలినా, షుగర్ ఉన్నవారికి వచ్చినా, పెదవులు నీలంగా మారి ఊపిరి అందకపోయినా వెంటనే ఆస్పత్రికే. ఒకసారి వచ్చాక తెలివి రాకుండానే మళ్లీ వచ్చినా అంతే. కొట్టుకోవడం ఆగినా ఎంతకీ తెలివి రాకపోతే లోపల మెదడులో ఫిట్స్ ఇంకా నడుస్తూ ఉండొచ్చు, ‘నిద్రపోతున్నాడులే’ అని వదిలేయొద్దు.

వరుసగా వచ్చేవి ఇంకో రకం. మధ్యలో తెలివి వస్తుంది, కానీ ఒకే రోజు మళ్లీ మళ్లీ వస్తాయి. కొందరు డాక్టర్లు 24 గంటల్లో మూడు అంటారు, కొందరు 6 గంటల్లో రెండు అంటారు. మీ మనిషికి మామూలుగా ఎన్ని వస్తాయో మీకు తెలుసు కదా, దానికి మించితే కదలండి.

5. ముందే కాగితం మీద రాయించుకోండి
నన్నడిగితే అన్నిటికన్నా ముఖ్యమైనది ఇదే. ఈసారి చెకప్‌కి వెళ్లినప్పుడు డాక్టర్‌ని మూడు ప్రశ్నలు అడగండి: ఎన్నో నిమిషానికి స్ప్రే కొట్టాలి? ఎన్ని పఫ్‌లు? ఎన్నిసార్లు వస్తే ఆస్పత్రికి రావాలి? రోజూ వాడే మాత్రల పేర్లు, బరువు కూడా అందులోనే ఉండాలి. మాత్ర మానేయడం, నిద్ర చాలకపోవడం, జ్వరం... ఇవి ఫిట్స్‌ని రేపుతాయి కాబట్టి ఆ రోజుల్లో ఇంకాస్త కనిపెట్టుకుని ఉండండి.

మా పిన్ని ఆ కాగితాన్ని నాలుగు కాపీలు తీయించింది. ఒకటి ఫ్రిజ్ తలుపు మీద, ఒకటి వాడి కాలేజీ బ్యాగులో, ఒకటి వాడి స్నేహితుడి దగ్గర, ఒకటి తన హ్యాండ్‌బ్యాగులో స్ప్రేతో పాటు. స్ప్రే ఎక్స్‌పైరీ తేదీని ఎర్ర పెన్నుతో పైనే రాసింది.