రోమ్‌లో ఉంటూ ఓస్టియా ఆంటికా చూడటం ఎలా?

చదువుకో ఉద్యోగానికో రోమ్‌లో ఉంటున్నవారు పాంపేయి శిథిలాల వైపు పరుగెత్తే ముందు, టైబర్ నది ముఖద్వారం దగ్గర వెలసిన ఈ ప్రాచీన రోమన్ రేవుపట్టణపు శిథిలాలకు ఒక రోజు కేటాయించడం మంచిది. పిరమిడే మెట్రో స్టేషన్ పక్కనున్న పోర్టా సాన్ పావోలో రైల్వే స్టేషన్ నుంచి లోకల్ రైలులో సుమారు అరగంటలో చేరవచ్చు. సోమవారం సెలవు, నెలలో మొదటి ఆదివారం ప్రవేశం ఉచితమే గాని రద్దీ ఎక్కువ.

డెకుమానుస్ మాక్సిముస్ అనే ప్రధాన వీధి వెంట నడిచి, నెప్ట్యూన్ స్నానశాలలోని నలుపు తెలుపు మొజాయిక్‌ను పక్కనున్న మెట్లెక్కి పైనుంచి చూసి, నాటకశాల వెనుకనున్న వర్తక సంఘాల ప్రాంగణంలో తీరిగ్గా ఆగండి. అక్కడ ఒక్కొక్క గది ముందు నేలపై ఓడలు, దీపస్తంభం, ధాన్యపు కొలతలు కనిపిస్తాయి. నేటి లిబియాలోని సబ్రథా వర్తకుల గుర్తు మాత్రం ఏనుగు. (నాకు అన్నిటికన్నా నచ్చినది అదే.) తరువాత డయానా వీధిలోని పాత భోజనశాలకు వెళితే, రాతి గల్లా, గోడమీద ఆహార పదార్థాల చిత్రం ఇంకా చూడవచ్చు. రాతిపలకలు ఎగుడుదిగుడుగా ఉంటాయి కనుక చెప్పులు కాక బూట్లు వేసుకోండి.