కుటుంబ వ్యాపారంలో విశ్వాసం: గోడ మీద వాక్యం సరే, గల్లాలో ఏముంది?

నాన్న, నేను, తమ్ముడు కలిసి చేసిన వ్యాపారం మాది. పొద్దున షట్టర్ ఎత్తగానే ముగ్గురం నిలబడి ప్రార్థన చేసుకునేవాళ్లం. గోడ మీద బైబిల్ వాక్యం, బిల్లు పుస్తకం మీద వాక్యం. తమ్ముడికి మాత్రం తొమ్మిదేళ్లు పనిచేసినా జీతమంటూ లేదు. ఇంట్లోవాడికి జీతమేంటి, కావాల్సినప్పుడు గల్లాలోంచి తీసుకుంటాడు కదా అనుకునేవాళ్లం. వాడు తీసుకునేవాడే, తీసుకున్న ప్రతిసారీ చిన్న చీటీ మీద అంకె రాసి గల్లా అడుగున పెట్టేవాడు. ఒక నెలాఖరున ఆ చీటీలు కూడుతుంటే ఒకదాని మీద అంకె పక్కన "పాప మందులకు" అని రాసి ఉంది, కింద గీత కూడా గీశాడు. తన కష్టార్జితంతో కూతురికి మందులు కొనడానికి వాడు నాకు సంజాయిషీ రాసుకున్నాడన్నమాట.

వ్యాపారంలో క్రైస్తవుడిగా ఎలా ఉండాలి అని అడిగితే ఎవరైనా కస్టమర్‌ని మోసం చేయొద్దు, తూకం సరిగ్గా ఉండాలి అనే మొదలుపెడతారు. దానికీ వస్తాను. కానీ కుటుంబ వ్యాపారంలో మొదట అన్యాయమైపోయేది ఇంట్లోవాళ్లే, పైగా ఆ అన్యాయం మీద "సర్దుకుపోవాలి", "ప్రేమ ఉంటే లెక్కలెందుకు" అని భక్తి దుప్పటి కప్పేస్తాం. అందుకే ఇంట్లోంచే మొదలుపెడుతున్నా.

ముందు ఇంట్లోవాళ్ల జీతం తేల్చండి

ఒక కాగితం తీసుకుని వ్యాపారంలో చెయ్యి వేసే ప్రతి మనిషి పేరూ రాయండి. రాత్రిపూట లెక్కలు చూసే భార్య, సెలవుల్లో కౌంటర్‌లో కూర్చునే అక్క కొడుకు, ఫోన్లు ఎత్తే అమ్మ, వీళ్లు కూడా అందులో ఉండాలి (మా లిస్టులో మొదటిసారి ఇద్దరు ఆడవాళ్లు మిస్సయ్యారు, రాసింది నేనే). ఇదే పనికి బయటి మనిషిని పెట్టుకుంటే ఎంత ఇస్తామో పక్కన రాయండి. మొత్తం కూడాక కొన్ని వ్యాపారాల్లో అసలు లాభమే లేదని తేలుతుంది, ఇన్నాళ్లూ లాభం అనుకున్నది ఇంట్లోవాళ్ల చాకిరీయే. ఆ అంకె చూడటం కష్టం. అయినా చూడాలి.

జీతం వేరు, వాటా వేరు. పనిచేసినందుకు వచ్చేది జీతం, పెట్టుబడికో వారసత్వానికో వచ్చేది వాటా. పనిచేయకుండా వాటా మాత్రమే ఉన్న అన్నకు లాభంలో భాగం వస్తుంది కానీ జీతం రాదు, పనిచేసే తమ్ముడికి రెండూ రావచ్చు. అన్నదమ్ముల గొడవల్లో సగం ఈ రెండూ కలిపేయడం వల్లే పుడతాయని నా లెక్క.

ఇంట్లోవాళ్లను వాడుకోవడం బైబిల్లో కొత్తేమీ కాదు. లాబాను యాకోబుకు మేనమామ, తర్వాత మామగారు. ఆయన దగ్గర యాకోబు ఇరవై ఏళ్లు చేశాడు, పదిసార్లు నా జీతం మార్చావని చివరికి మొహం మీదే అన్నాడు (ఆదికాండము 31). అది చదివినప్పుడల్లా మనల్ని మనం యాకోబు అనుకుంటాం. నేను మా ఇంట్లో లాబానునని తెలియడానికి ఒక చీటీ కావాల్సి వచ్చింది.

"మన మధ్య కాగితాలేంటి, విశ్వాసులం కదా" అని పెద్దవాళ్లు తప్పకుండా అంటారు. మా నాన్న అన్నారు. అప్పుడు యిర్మీయా 32 తీసి చూపించండి. యిర్మీయా ప్రవక్త తన పినతండ్రి కొడుకు హనమేలు దగ్గర పొలం కొన్నాడు. కొనమన్నది సాక్షాత్తూ దేవుడు, అమ్మేది సొంత తమ్ముడి వరస. అయినా పదిహేడు తులాల వెండి తూచి ఇచ్చాడు, పత్రం రాసి సంతకం పెట్టాడు, ముద్ర వేశాడు, సాక్షుల్ని పిలిచాడు, ముద్ర వేసిన పత్రం ఒకటి, విప్పి ఉన్నది ఒకటి, రెండూ మట్టికుండలో భద్రం చేయించాడు. దేవుడు చెప్పిన బేరానికే అంత కాగితం పని జరిగింది.

మీరు రాసుకునే పత్రంలో ఎవరి వాటా ఎంత, ఎవరి జీతం ఎంత, గల్లాలోంచి అడగకుండా ఎంతవరకు తీసుకోవచ్చు, ఎంత దాటితే ఇద్దరి సంతకం కావాలి, ఒకరు బయటికి వెళ్లిపోతే వాళ్ల వాటాకు ధర కట్టేదెలా, ఒకరు చనిపోతే వాళ్ల భార్యాపిల్లలకు ఏం వస్తుంది, ఇవన్నీ ఉండాలి. చివరిది ఎవరూ మాట్లాడరు, అపశకునం అన్నట్టు చూస్తారు. మాట్లాడకపోతే రేపు వదినో మరదలో చెయ్యి చాపి అడుక్కోవాల్సి వస్తుంది.

కానుక ఏ జేబులోంచి?

వ్యాపారం ఖాతా, ఇంటి ఖాతా వేరుగా ఉంచండి. ఇది అకౌంటెంట్ ఎలాగూ చెబుతాడు. విశ్వాసికి ఇంకో కారణం కూడా ఉంది: రెండూ కలిసిపోతే నువ్వు దేవునికి ఇస్తున్న కానుక నిజంగా నీదో కాదో నీకే తెలియదు.

దశమభాగం, అంటే రాబడిలో దేవునికిచ్చే పదో వంతు, దేనిమీద అని చాలామంది అడుగుతారు. నా అభిప్రాయం, అమ్మకం మీద కాదు. అమ్మకంలో సరుకిచ్చినవాడి డబ్బుంది, పనివాళ్ల జీతం ఉంది, పన్ను ఉంది. అవి పోగా నీ చేతికి వచ్చిన జీతం, లాభంలో వాటా, వీటిలోంచి ఇవ్వు. తమ్ముడికి ఇష్టం లేకుండా ఉమ్మడి ఖాతాలోంచి సంఘానికి (చర్చికి) పెద్ద మొత్తం ఇచ్చి నీ పేరు చదివించుకోవడం అసలొద్దు. తల్లిదండ్రులకు చెందాల్సింది "కొర్బాను", అంటే దేవునికి అర్పితం అని చెప్పి ఎగ్గొట్టేవాళ్లను యేసు మార్కు 7లో గట్టిగానే తప్పుపట్టాడు. జీతాలు బాకీ పెట్టి కొత్త మైక్‌సెట్ కొనిచ్చేవాళ్లు ఆ అధ్యాయం ఒకసారి నిదానంగా చదవాలి.

పనివాళ్లు

కూలివాడి కూలి తెల్లారేవరకు నీ దగ్గర ఉంచుకోవద్దని లేవీయకాండము 19:13, పొద్దు గుంకకముందే ఇచ్చేయాలని ద్వితీయోపదేశకాండము 24:15. ఇప్పుడు నెల జీతాలు కాబట్టి, చెప్పిన తారీఖు దాటకూడదు, అంతే. నెల సరిగ్గా లేకపోతే ముందు ఓనర్లు తమకోసం తీసుకునే డబ్బు ఆగాలి, పనివాళ్ల జీతం ఆగడం ఆ తర్వాతే. ఆలస్యం తప్పదనుకుంటే నాలుగు రోజుల ముందే చెప్పండి, ఆ రోజు ఫోన్ స్విచ్ఛాఫ్ చేసుకోవడం కంటే మర్యాదగా ఉంటుంది.

పొద్దున ప్రార్థనకు పనివాళ్లు వచ్చి నిలబడాలా? వద్దు. వస్తే సంతోషం, రాకపోతే ఆ మాటే ఎత్తొద్దు. జీతం ఇచ్చే చెయ్యి పిలిస్తే ఎవరు కాదనగలరు, అలా వంచిన తలలో ప్రార్థన ఉంటుందని నేననుకోను. అలాగే సంఘం మనిషి కదా అని పని రానివాణ్ని పెట్టుకోవద్దు, సంఘం మనిషే కదా అని "సేవ అనుకో బ్రదర్" అంటూ జీతం తగ్గించొద్దు. రెండోది మొదటిదానికంటే ఎక్కువ జరుగుతుంది.

తూకం, బిల్లు, పన్ను

"దొంగత్రాసు యెహోవాకు హేయము" (సామెతలు 11:1) మనందరికీ నోటికి వచ్చు. ద్వితీయోపదేశకాండము 25:13లో ఇంకాస్త సూటిగా ఉంది: సంచిలో పెద్దదీ చిన్నదీ అని రెండు రకాల రాళ్లు పెట్టుకోవద్దు. నేటి సంచి కంప్యూటర్. అందులో పన్నువాళ్లకు ఒక ఫైలు, మనకొక ఫైలు ఉంటే అవి రెండు రాళ్లే. ఇప్పటికే అలా నడుస్తుంటే ఒక్కరోజులో మారదు, కానీ ఈ నెల నుంచి ఒకటే పుస్తకం అని తేదీ పెట్టుకుని, పాతది ఎలా సరిచేయాలో పన్ను సలహాదారుతో కూర్చుని తేల్చుకోండి. కుటుంబంలో అందరూ ఒప్పుకోరు. ఒప్పుకోనివాళ్లకు పాపం గురించి ప్రసంగం చేసేకంటే, పట్టుబడితే జరిమానా ఎంతో లెక్కేసి చూపిస్తే తొందరగా దారికొస్తారు, ఇది అనుభవం.

మాదే ఒకటి చెబుతా. ఒకసారి పది పెట్టెలు ఆర్డర్ పెడితే పన్నెండు దిగాయి, బిల్లు మాత్రం పదికే. "దేవుడిచ్చాడు" అన్నారు నాన్న నవ్వుతూ, నేనూ నవ్వాను. మూడు వారాల తర్వాత డెలివరీ అబ్బాయి వచ్చి రెండు పెట్టెలు ఎక్కడో తేడా వచ్చాయి సార్, మీ దగ్గరేమైనా దిగాయా అని అడిగాడు. అప్పటికే వాడి జీతంలోంచి కోసేశారు. దేవుడిచ్చాడనుకున్నది ఆ పిల్లాడి జీతంలోంచి వచ్చింది. అప్పటికి పెట్టెలు అమ్ముడైపోయాయి, డబ్బు కట్టాం, వాళ్ల ఆఫీసుకు ఫోన్ చేసి తప్పు మాదని చెప్పాం. బైబిల్లో పన్నులు వసూలు చేసే జక్కయ్య, అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగింతలు తిరిగి ఇస్తానన్నాడు, మేం ఇచ్చింది ఒకింతే. ఇప్పుడు సరుకు దిగగానే లెక్కపెట్టి, ఎక్కువున్నా తక్కువున్నా ఆ రోజే ఫోన్ చేయడం రూలు. తక్కువొస్తే ఐదు నిమిషాల్లో ఫోన్ చేసేవాళ్లం, ఎక్కువొస్తే ఎందుకు చేయలేదు అని నాన్న తర్వాత తనే అన్నారు.

పోటీ గురించి ఒక్క మాట. 18వ శతాబ్దంలో ఇంగ్లండు బోధకుడు జాన్ వెస్లీ డబ్బు గురించి చేసిన ప్రసంగంలో "వీలైనంత సంపాదించు" అన్న ముక్క అందరికీ ఇష్టం, దానికి ఆయన పెట్టిన కంచె ఎవరూ చెప్పరు. ఆరోగ్యం పాడుచేసుకుని సంపాదించొద్దు, పొరుగువాడి వ్యాపారం దెబ్బతీయడానికి మార్కెట్ ధర కంటే తగ్గించి అమ్మొద్దు, అతనికి అవసరమైన పనివాళ్లను ఎగరేసుకుపోవద్దు అన్నాడు. మూడోది చదివి నేను ఒక ఫోన్ కాల్ మానుకున్నాను.

ఆదివారం

మూయగలిగితే మూసేయండి. అమెరికాలో ట్రూయెట్ కేథీ 1946లో హోటల్ పెట్టినప్పటి నుంచీ ఆదివారం మూసేవాడు. అదే తర్వాత చిక్-ఫిల్-ఎ అనే పెద్ద రెస్టారెంట్ల సంస్థ అయింది, 2021లో ఆయన మనవడు సీఈఓ అయ్యాక కూడా ఆదివారం మూతే. మీ పని మూయడానికి కుదరనిదైతే వంతులు వేసుకోండి, ఎప్పుడూ చిన్న తమ్ముడే ఆరాధన మానుకుని కూర్చోకుండా చూడండి.

గొడవ వచ్చినప్పుడు

వస్తుంది. మత్తయి 18లో యేసు చెప్పిన వరస గుర్తుంది కదా: ముందు నువ్వూ అతనూ ఒంటరిగా, వినకపోతే ఒకరిద్దరిని తోడు తీసుకుని, ఆ తర్వాతే సంఘం. మనం దీన్ని తిప్పేస్తాం. ముందు "ప్రార్థన చేయండి, మా తమ్ముడు ఇలా చేస్తున్నాడు" అని సంఘమంతా చెబుతాం, చివరికి ఎప్పుడో తమ్ముడితో మాట్లాడతాం. ప్రార్థన అంశం పేరుతో ఇంటి పరువు తీయడం కంటే కొట్టుకోవడమే నయం.

డబ్బు పంపకం పాస్టర్ గారి మీద వేయొద్దు. మా అన్నతో ఆస్తి పంచమని చెప్పు అని ఒకడు అడిగితే, మీమీద నన్ను తీర్పరిగా ఎవరు పెట్టారని యేసే తప్పుకున్నాడు (లూకా 12). మనసులు కలపడానికి పాస్టర్ గారిని పిలవండి, అంకెలకు ఇద్దరికీ నమ్మకమున్న అకౌంటెంట్‌ని పిలవండి.

విడిపోవడం ఓటమేమీ కాదు. అబ్రాము కాపరులు, ఆయన సోదరుడి కొడుకు లోతు కాపరులు కొట్లాడుకుంటుంటే పెద్దవాడైన అబ్రామే, నువ్వు ఎడమకు వెళ్తే నేను కుడికి వెళ్తాను, ముందు నువ్వే ఎంచుకో అన్నాడు (ఆదికాండము 13). మంచి నేల లోతు తీసుకున్నాడు. తర్వాత లోతును పట్టుకుపోతే విడిపించడానికి వెళ్లింది ఆ అబ్రామే. ఇంటికి పెద్దవాళ్లయినవాళ్లు ఆ "ముందు నువ్వే" అన్న మాట దగ్గర కాసేపు ఆగాలి.

ఇంకోటి చిన్నదే కానీ పనిచేస్తుంది: భోజనాల దగ్గర వ్యాపారం మాట ఎత్తొద్దు. వారానికో గంట, ఒకే రోజు, ఒకే టైము, అందరూ కూర్చోండి, వాటా ఉన్న ఆడవాళ్లు సహా. చెప్పాల్సింది అప్పుడే చెప్పాలి. మొదటి రెండు వారాలు టెన్షన్‌గా ఉంటుంది, మూడో వారానికి ఎవరో ఒకరు జోకు వేస్తారు.

తర్వాతి తరం

సమూయేలు ప్రవక్తంతటివాడు కూడా కొడుకుల్ని న్యాయాధిపతులుగా పెట్టాడు, వాళ్లు లంచాలు తిన్నారు, పెద్దలందరూ వచ్చి ముసలాయన మొహం మీదే చెప్పాల్సి వచ్చింది (1 సమూయేలు 8). కొడుకైనంత మాత్రాన కుర్చీ ఇవ్వక్కర్లేదు. కొన్నేళ్లు ఇంకొకరి దగ్గర పనిచేసి రమ్మనండి, అక్కడ నాన్న ఉండడు. కూతుళ్ల విషయానికొస్తే, కొడుకులు లేని సెలోపెహాదు ఐదుగురు కూతుళ్లు మోషే ముందు నిలబడి వాటా అడిగారు, వాళ్లు అడిగింది న్యాయమేనని దేవుడు అన్నాడు (సంఖ్యాకాండము 27). మన ఇళ్లలో ఆడపిల్ల అడిగేదాకా ఎవరూ ఆ ఊసు ఎత్తరు, అడిగితే ఆశపోతు అంటారు. అడగకముందే తేల్చండి.

మేం చివరికి రాసుకున్న పత్రం ఒకటిన్నర పేజీ. తమ్ముడి తొమ్మిదేళ్ల బాకీ అంతా తీర్చలేం కాబట్టి దానికి బదులు వాడి వాటా పెంచాం. నాన్న కళ్లజోడు తుడుచుకుని రెండుసార్లు చదివారు. ఏదో అంటారని మేమిద్దరం ఊపిరి బిగబట్టి కూర్చున్నాం. మరదలి పేరులో దీర్ఘం తప్పిందని చెప్పి, దిద్దించి, సంతకం పెట్టారు.