ఏడాది కోర్సుకు కుటుంబంతో వెల్లింగ్టన్ వెళ్లేవారికి

సైన్యంలో పనిచేసే భర్తకో భార్యకో తమిళనాడు నీలగిరి కొండల్లోని వెల్లింగ్టన్‌లో, సైనికాధికారులకు పైస్థాయి శిక్షణ ఇచ్చే స్టాఫ్ కాలేజీ కోర్సు వచ్చిందని తెలియగానే, ఈ ఏడాదైనా అందరం ఒకచోట ఉండవచ్చుననే ఆశ ఇంట్లో పుడుతుంది. ఆ ఆశ న్యాయమైనదే. అయితే ఒకే ఇంట్లో ఉండడం వేరు, ఆ మనిషి మనకు చిక్కడం వేరు. సుమారు 45 వారాల పాటు, జూన్ నుంచి మరుసటి ఏప్రిల్ వరకు సాగే ఈ కోర్సులో పగలు తరగతులు, సాయంత్రం ఆటలు, రాత్రి చదువు, సిండికేట్ (చిన్న బృందం) చర్చలు, గడువులోగా రాసి ఇవ్వవలసిన పనులు ఉంటాయి. దీనికి సిద్ధపడి వెళ్లడం అన్నిటికన్నా ముఖ్యమని నా అనుభవం.

బయలుదేరే ముందు కాగితాల సంగతి చూసుకోవాలి. మీ పెళ్లి, పిల్లల పుట్టుక పార్ట్ టూ ఆర్డర్‌లో, అంటే కుటుంబ వివరాలను సైన్యం రికార్డులకెక్కించే ఉత్తర్వులో, నమోదయ్యాయో లేదో యూనిట్‌లో కనుక్కోవాలి. కొత్తగా పెళ్లయినవారు ఇక్కడే ఇబ్బంది పడతారు, ఎందుకంటే డిపెండెంట్ కార్డు (కుటుంబసభ్యుల గుర్తింపు కార్డు), క్వార్టర్, ఆసుపత్రి అన్నీ ఆ నమోదు మీదే నడుస్తాయి. వెల్లింగ్టన్ కాక వేరే కోర్సుకు వెళ్లేవారు, అది పోస్టింగ్ కింద లెక్కకు వస్తుందో తాత్కాలిక డ్యూటీ కింద వస్తుందో ముందుగా అడగాలి. పాత క్వార్టర్ ఉంచుకోవడం, సామాను తరలింపు ఖర్చు దాని మీదే ఆధారపడి ఉంటాయి.

కుటుంబం వెంట వెళ్లాలా వద్దా అన్నది చాలావరకు పిల్లల చదువే తేలుస్తుంది. సీబీఎస్ఈలో బోర్డు పరీక్షల నమోదు తొమ్మిది, పదకొండు తరగతుల్లోనే జరుగుతుంది కాబట్టి, పదికో పన్నెండుకో వచ్చిన పిల్లను కదిలించకుండా తల్లో తండ్రో పాత ఊళ్లోనే ఉండిపోవడం మేలని నేను గట్టిగా చెబుతాను. చిన్నతరగతుల వారిని నిశ్చింతగా తీసుకువెళ్లవచ్చు. కేంద్రీయ విద్యాలయంలో చదువు ఏప్రిల్‌లో మొదలవుతుంది, మీరు చేరేది జూన్‌లో. అందుకని పాత బడిలో ఆ రెండు నెలల పాఠాల నోట్సు, టీసీ చేతికి తీసుకునే కదలాలి. అక్కడి బడిలో తెలుగు ఉంటుందని అనుకోకండి. తెలంగాణలో 2018 నాటి చట్టంతో బడుల్లో తెలుగు తప్పనిసరి అయింది కనుక, తిరిగి హైదరాబాదు వచ్చే అవకాశం ఉన్నవారు రోజుకు ఒక పేజీ అయినా ఇంట్లో చదివించాలి.

వెల్లింగ్టన్ కూనూరు పక్కనే, సముద్రమట్టానికి 1,800 మీటర్లకు పైన ఉంది. నైరుతి ఋతుపవనాలే కాక, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య ఋతుపవనాల వాన కూడా పడుతుంది. చెమ్మ అక్కడి అసలు శత్రువు. ట్రంకుపెట్టె అడుగున పెట్టి మూడు నెలలు మరిచిపోయిన నా పట్టుచీర తీసి చూసేసరికి, మడత మడతకూ తెల్లని బూజు గీతలా పట్టి ఉంది. మంచి చీరలు, తోలు చెప్పులు పుట్టింట్లోనో అత్తవారింట్లోనో ఉంచి, ఉన్ని బట్టలు, మందపాటి దుప్పట్లు తీసుకువెళ్లడం ఉత్తమం. వంట కూడా మారుతుంది. ఆ ఎత్తులో నీళ్లు తక్కువ వేడికే మరుగుతాయి కాబట్టి కుక్కర్ లేనిదే కందిపప్పు మెత్తబడదు; రాత్రి రుబ్బిన ఇడ్లీపిండి తెల్లవారేసరికి పెట్టింది పెట్టినట్టే ఉంటుంది. గిన్నెను కంబళిలో చుట్టి, పొయ్యి ఆరిన తరువాత వెచ్చగా ఉండే మూలన పెడితే మరునాటి సాయంత్రానికైనా పులుస్తుంది.

ఇక రోజు గడిపే తీరు. మొదటి నెలంతా రాత్రి పది దాటేదాకా భోజనం పెట్టుకోకుండా మావారి కోసం ఎదురుచూశాను. పిల్లలు నిద్రపోయేవారు, నాకు కోపం మిగిలేది. తరువాత అందరం కలిసి తినే పూట రాత్రి నుంచి పొద్దుటికి మార్చుకున్నాము. ఆ ఇరవై నిమిషాలు ఫోను, పుస్తకం లేకుండా కూర్చోవడం మాకు ఎంతో మేలు చేసింది. ఆదివారం సాయంత్రం వచ్చే వారం కార్యక్రమం అడిగి క్యాలెండరు మీద రాసుకోండి. ఏదైనా సమర్పించవలసిన రోజుకు ముందు రెండు రాత్రులు బంధువులను, బజారు పనులను పెట్టుకోకండి. మీకంటూ ఒక పని కూడా ఉండాలి. దూరవిద్య, ఆన్‌లైన్ ఉద్యోగం, సంగీతం ఏదైనా సరే, మొదటి పదిహేను రోజుల్లోనే మొదలుపెట్టాలి. పక్క క్వార్టర్లలో మూడు దళాల కుటుంబాలే కాక, మిత్రదేశాల నుంచి వచ్చినవారూ ఉంటారు. వారితో పరిచయానికి ఒక గిన్నెడు పులిహోర చాలు.

అమ్మానాన్నలు చూడటానికి వస్తామంటే రైలులో కోయంబత్తూరు దాకా రమ్మనడం సులువు. కారులో వచ్చేవారు 2024 మే నుంచి నీలగిరి జిల్లాలో అమలైన ఈ-పాస్ (బయటి వాహనాలు ముందుగా ఆన్‌లైన్‌లో తీసుకోవలసిన అనుమతి) నిబంధనను బయలుదేరే ముందే చూసుకోవాలి.

క్వార్టర్‌లో దిగిన రోజునే గోడల మరకలు, పగిలిన అద్దాలు, వదులైన కుళాయిలు ఫోటోలు తీసి, మార్చింగ్ ఇన్ (ఇల్లు అప్పగించుకునే) జాబితాలో రాయించండి. ఏప్రిల్‌లో మార్చింగ్ అవుట్ (ఇల్లు తిరిగి అప్పగించే) వేళ పెట్టెలు కట్టే హడావిడిలో ఏది పాత నష్టమో ఎవరికీ గుర్తుండదు, అప్పుడు ఆ ఫోటోలే మీ తరఫున మాట్లాడతాయి.